మొరాయించిన బండి మాట వినాలి

ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లేనని ఒకరు, బంకులో నీళ్లు కలిపారని ఇంకొకరు, పంపు పోయిందని మరొకరు... బండి స్టార్ట్ కాకపోతే తలా ఒక మాట. రేవు, ఉక్కు, చమురు మూడూ ఒకేచోట ఉన్న విశాఖలో రాత్రనక పగలనక చక్రం తిరగాల్సిందే. ఆగిన బండికి అసలు జబ్బేమిటో కనుక్కునేదెలా? కనుక్కునే చేతులకు మనమిస్తున్న విలువెంత?

తెల్లవారుజాము. షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు పక్కన బొగ్గు లోడుతో ఒక లారీ నిలబడిపోయింది. టీ తాగి కాసేపు నడుం వాల్చి లేచిన డ్రైవరు తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు. పదేపదే కొట్టి కొట్టి బ్యాటరీ కూడా నీరసించింది. క్లీనరు కుర్రాడు టార్చిలైటు పట్టుకుని క్యాబిన్ కింద బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు. ఫోనులో ఓనరు, పక్కన ఆగిన మరో లారీ డ్రైవరు, టీ కొట్టు యజమాని... ముగ్గురిదీ ఒకటే మాట: ‘పంపు పోయింది’.

గాజువాక వైపు నుంచి స్కూటరు మీద మేస్త్రీ వచ్చాడు. పానాల సంచి దించాడు కానీ విప్పలేదు.

‘ఏటైంది గురూ?’

‘సెల్ఫ్ తిరుగుతోంది మేస్త్రీ, అందుకోవట్లేదు. పంపు పోయినట్టుందని ఓనరు గారంటున్నారు.’

‘పంపు సంగతి తర్వాత చూద్దాం. రాత్రి ఆపినప్పుడు బాగానే ఉందా? దారిలో పికప్ ఏమైనా తగ్గిందా?’

‘రెండ్రోజులుగా పొద్దుటిపూట ఆలస్యంగా అందుకుంటోంది. ఒకసారి అందుకున్నాక ఇబ్బంది లేదు.’

‘అయితే ఒక్కసారి కొట్టు. నేను సైలెన్సర్ దగ్గర నిలబడతాను.’

సెల్ఫ్ తిరిగింది. గొట్టంలోంచి పొగ చుక్క కూడా రాలేదు. మేస్త్రీ తలాడించాడు. తెల్లపొగ వస్తే డీజిల్ లోపలికి వెళుతోంది, మండటం లేదని అర్థం. అసలు పొగే లేదంటే డీజిల్ వెళ్లడం లేదన్నమాట. ఫిల్టరు పైనున్న చేతిపంపు నొక్కి చూశాడు. గట్టిపడకుండా బుస్సుమంటూ దిగిపోతోంది. గాలి తీసే స్క్రూ వదులు చేస్తే డీజిల్‌కు బదులు నురగ వచ్చింది. అప్పుడు ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, రబ్బరు గొట్టం వెంబడి వేలు రాసుకుంటూ ముందుకొచ్చాడు. ఛాసిస్‌కు క్లాంపు బిగించినచోట వేలు ఆగింది. అక్కడ గొట్టం ఒరుసుకుపోయింది. ఆ మేర తడి, ఆ తడికి అంటుకున్న బొగ్గుదుమ్ము.

అరిగిన ముక్క కోసేసి, కొత్త గొట్టం వేసి, క్లాంపులు బిగించాడు. చేతిపంపు గట్టిపడేదాకా కొట్టి గాలంతా తీసేశాడు. పక్క లారీ బ్యాటరీల నుంచి కరెంటు అందుకుని తిప్పగానే ఇంజిన్ గర్జించింది. పోయింది పంపు కాదు, జానెడు రబ్బరు గొట్టం.

కూలీ ఎంతో చెబితే ఫోనులో ఓనరు గొంతు పెంచాడు. ‘గొట్టం ముక్కకు అంతా?’

ఈ కథనం ఆ ప్రశ్న గురించే. ఆ కూలీ గొట్టానిది కాదు. పంపు విప్పకుండా ఆపిన తెలివిది.

చక్రం ఆగితే ఊరు ఆగినట్టే

విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. 1957లో మల్కాపురం వైపున కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం మొదలైంది. తూర్పు తీరంలో అదే మొదటిది. తర్వాత జాతీయమై 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఉక్కు కర్మాగారానికి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992లో పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. 2009లో గంగవరం రేవు తోడైంది. ఓడలోంచి దిగిన బొగ్గు, ఎరువులు, కంటైనర్లు. కూర్మన్నపాలెం వైపు నుంచి బయల్దేరే కడ్డీలు, తీగచుట్టలు. శుద్ధి కర్మాగారం నుంచి బంకులకు పోయే ట్యాంకర్లు. రైలు మోసేది పోగా మిగతాదంతా లారీ భుజాల మీదే.

ఈ లారీలను నమ్ముకుని గాజువాక, ఆటోనగర్, కాన్వెంట్ కూడలి పరిసరాల్లో ఒక లోకమే ఉంది. డీజిల్ పంపు పనివాళ్లు, నాజిల్ పరీక్షించేవాళ్లు, సెల్ఫ్ మోటార్లు చుట్టేవాళ్లు, బ్యాటరీ దుకాణాలు, లేత్ షెడ్లు, రేడియేటర్ అతికేవాళ్లు. ఒకరి పనిలో ఇంకొకరు వేలుపెట్టరు. ఆ విభజన వల్ల పనితనం పదునెక్కింది. అదే విభజన వల్ల ఒక చిక్కూ వచ్చింది. పంపు షెడ్డుకు వెళ్లిన బండికి పంపులోనే లోపం కనిపిస్తుంది, కరెంటు షెడ్డుకు వెళ్లిన బండికి వైరింగులోనే కనిపిస్తుంది. బండి ముందుగా ఎవరి దగ్గరకు వెళ్లాలో చెప్పేవాళ్లు తక్కువ.

లారీ ఒక రోజు ఆగితే పోయేది ఆ రోజు కిరాయి ఒక్కటే కాదు. ఫైనాన్స్ వాయిదా ఆగదు. రేవులో వంతు తప్పుతుంది. డ్రైవరు, క్లీనరు తిండి ఖర్చు పెరుగుతుంది, ట్రిప్పు బత్తా మాత్రం రాదు. ఒకటి రెండు లారీలున్న చిన్న ఓనరుకు, అవసరం లేని పంపు మరమ్మతు ఒక్కటి పడితే ఆ నెల వాయిదా గల్లంతే. రోగం తెలియకుండా చేసే వైద్యం భారమంతా చివరికి ఈ చిన్నవాళ్ల మీదే పడుతోంది.

తాళం తిప్పినప్పుడు ఏం వినిపించింది?

స్టార్ట్ కాని బండిని చూసి ‘స్టార్ట్ కావడం లేదు’ అంటే సగం మాటే. అసలు తిరగడం లేదా, తిరిగినా అందుకోవడం లేదా, అందుకుని ఆగిపోతోందా? ఈ మూడూ మూడు వేర్వేరు దారులు. తిరగకపోతే అది కరెంటు సంగతి. బ్యాటరీ, తీగలు, రిలే, సెల్ఫ్ మోటారు చూడాలి. తిరిగి అందుకోకపోతే ఇంధనం, గాలి, నిప్పు ఈ మూడింటిలో ఏదో కరవైంది. అందుకుని ఆగిపోతే అందాల్సిందేదో మొదట అంది తర్వాత తెగిపోతోంది. తాళంలోని చిప్‌ను గుర్తుపట్టని ఇమ్మొబిలైజర్ కూడా కొన్ని కార్లలో ఇలాగే చేస్తుంది.

పెట్రోలు బండికి నిప్పు స్పార్క్ ప్లగ్ ఇస్తుంది. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్ లేదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. అందుకే నీరసించిన బ్యాటరీ డీజిల్ బండికి రెండింతల శత్రువు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే గాలి చాలినంత వేడెక్కదు, పంపు చాలినంత ఒత్తిడి పుట్టించలేదు. ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా, పంపు నిక్షేపంలా ఉన్నా ఇంజిన్ అందుకోదు. చలికాలంలో లంబసింగి, వంజంగి మంచు చూడటానికి వెళ్లినవాళ్ల కార్లు తెల్లవారుజామున మొరాయించడానికి తరచూ కారణమిదే. విశాఖ వేడిలో ఎలాగోలా నెట్టుకొచ్చిన పాత బ్యాటరీ, పాడేరు చలిలో చేతులెత్తేస్తుంది.

━━ లక్షణం... అనుమానం ━━

▪ ఏ చప్పుడూ లేదు, డ్యాష్‌బోర్డు దీపాలూ లేవు: బ్యాటరీ టెర్మినల్ వదులు, ప్రధాన ఫ్యూజు, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ.

▪ టకటకటకమని వరుస చప్పుడు: బ్యాటరీ బలహీనం, లేదా తీగల కొసల్లో చిలుము.

▪ ఒక్కసారి ‘టక్’మని ఊరుకుంది, హెడ్‌లైట్లు మాత్రం బాగానే వెలుగుతున్నాయి: సెల్ఫ్ మోటారు, సోలెనాయిడ్.

▪ జోరుగా తిరుగుతోంది, పొగ లేదు (డీజిల్): ఇంధనం అందడం లేదు. గాలి పట్టడం, ఫిల్టరు మూసుకుపోవడం, ఒత్తిడి చాలకపోవడం.

▪ తిరుగుతోంది, తెల్లపొగ వస్తోంది (డీజిల్): ఇంధనం వెళుతోంది, మండటం లేదు. నెమ్మదిగా తిరగడం, గ్లో ప్లగ్, కంప్రెషన్ చూడాలి.

▪ తాళం ‘ఆన్’ చేసినా వెనక సీటు కింద రెండు క్షణాల ‘జుయ్’మనే చప్పుడు లేదు (పెట్రోలు): ట్యాంకులోని పంపు, దాని రిలే, ఫ్యూజు.

▪ వేడి మీద ఆగి, చల్లారాక మామూలుగా స్టార్ట్ అవుతోంది: క్రాంక్ సెన్సర్ మీద అనుమానం. తిప్పేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కదలకపోతే అనుమానం బలపడుతుంది.

ఉప్పుగాలి చేసే చేటు

విశాఖలో బండి ఉన్నవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన శత్రువు సముద్రపు గాలి. ఆ ఉప్పు తేమ బాడీని తుప్పు పట్టించడంతో ఆగదు. ఇంజిన్‌నూ ఛాసిస్‌నూ కలిపే అల్లిక తీగ, అంటే ఎర్త్ పట్టీ, కొసల్లో మెల్లగా తినేస్తుంది. సింథియా, మల్కాపురం, బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఆరుబయట నిలిపే బండ్లకు ఈ బెడద ఎక్కువ. పైకి తీగ బాగానే కనిపిస్తుంది. బోల్టు కింద పచ్చటి చిలుము, తుప్పు పేరుకుని ఉంటాయి. హెడ్‌లైటుకు కావాల్సిన కాస్త కరెంటు ఆ చిలుము దాటుకుని వెళ్లగలదు. సెల్ఫ్ మోటారుకు వందల ఆంపియర్లు కావాలి. అవి వెళ్లలేవు. ‘లైట్లు బాగానే వెలుగుతున్నాయి, కాబట్టి తీగలు బాగున్నట్టే, సెల్ఫ్ పోయింది’ అని మోటారు విప్పేస్తారు. కొత్తది బిగించేటప్పుడు బోల్టులన్నీ గీకి శుభ్రం చేస్తారు కాబట్టి బండి స్టార్ట్ అవుతుంది. నిజంగా పనిచేసింది ఆ గీకడమేనని ఎవరికీ తెలియదు.

దీన్ని పట్టే పరీక్షకు రెండు నిమిషాలు చాలు. మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ స్తంభానికి, రెండోది రంగు లేని ఇంజిన్ ఇనుముకు ఆనించాలి. ఒకరు సెల్ఫ్ కొట్టాలి. తీగ బాగుంటే మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది, 0.2 వోల్టుల దాకా ఫరవాలేదు. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే ఆ మేరకు శక్తి ఆ తీగలోనే కరిగిపోతోందని అర్థం. పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతి. బ్యాటరీ ప్లస్‌కూ సెల్ఫ్ మోటారు బోల్టుకూ మధ్య కొలవాలి. తీగను ఊరికే పక్కన పెట్టి ‘బీప్’ మోగిందా అని చూసే పరీక్ష ఇక్కడ పనికిరాదు. లోపం బయటపడేది బరువు పడినప్పుడే.

━━ మీటరు అంకెలు ━━

▪ రాత్రంతా ఆగిన కారు బ్యాటరీ: 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగానికి దిగినట్టు. 12 కంటే తగ్గితే ముందు చార్జి చేశాకే మిగతా పరీక్షలు.

▪ సెల్ఫ్ తిరిగేటప్పుడు: 9.6 వోల్టుల కన్నా పడిపోకూడదు.

▪ ఇంజిన్ నడుస్తున్నప్పుడు: 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ చార్జి చేస్తున్నట్టు.

▪ పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు. అంకెలన్నీ రెట్టింపు. కలిపి కొలిచి ఊరుకోకుండా రెంటినీ విడివిడిగానూ కొలవాలి. ఒకటి చచ్చిపోతే రెండోదాన్నీ లాగేస్తుంది.

చేతిపంపు రోజుల నుంచి కామన్ రైలు దాకా

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్‌కు 1890ల్లో ప్రాణం పోసినా, అది లారీలోకి ఒదగడానికి చిన్న, నమ్మకమైన ఇంధన పంపు కావాల్సి వచ్చింది. 1927లో జర్మనీలోని బాష్ అలాంటి పంపులను పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో ఆ సంస్థ పెట్టిన ‘మైకో’ పేరు ఆటోనగర్ పెద్ద మేస్త్రీలకు ఇంటిపేరంత దగ్గరిది.

ఆ పాతకాలపు పంపు ఉన్న లారీ రోడ్డు మీద ఆగితే డ్రైవరే వైద్యుడు. పదిహేడో నంబరు పానాతో నాజిల్ పైపు నట్టు వదులు చేసి, డీజిల్ చిమ్ముతోందో లేదో చూసేవాడు. గాలి పట్టిందంటే తానే తీసేవాడు. అనంతగిరి ఘాట్‌లోనైనా, సాలూరు దారిలోనైనా బండిని కదిలించుకుని ఇంటికి చేరేవాడు.

ఇప్పటి కామన్ రైలు బండికి ఆ పని చేస్తే ప్రాణానికే ముప్పు. ఇందులో డీజిల్‌ను 1600, 2000 బార్ల ఒత్తిడితో ఒక గట్టి గొట్టంలో నింపి ఉంచుతారు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండున్నర బార్లలోపే. నడుస్తున్న ఇంజిన్‌పై నట్టు వదులు చేస్తే ఆ డీజిల్ తీగ చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దూరుతుంది. పైకి సూదిగాటులా కనిపించినా లోపల కండ కుళ్లిపోయి చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అలాంటి దెబ్బ తగిలితే నొప్పి లేదని ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఈ సంగతి ప్రతి షెడ్డు గోడ మీదా రాసి ఉండాలి.

ఇంత ఒత్తిడి తట్టుకునే భాగాల మధ్య ఖాళీలు వెంట్రుక మందంలో ఎన్నో వంతు. నీటి చుక్క, దుమ్ము రేణువు చాలు వాటిని గీకేయడానికి. రేవు రోడ్ల మీద బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఎలా లేస్తుందో ఈ ఊరికి చెప్పనక్కర్లేదు. తేమ గాలి ఉన్న ఊళ్లో సగం ఖాళీ ట్యాంకు గోడలకు రాత్రిపూట నీరు పడుతుంది. అది అడుక్కి చేరి ఫిల్టరులోకి వస్తుంది. అందుకే ఫిల్టరు అడుగున నీరు వదిలే తిరుగుడు మర ఉంటుంది. దాన్ని క్రమం తప్పకుండా విప్పి నీరు వదిలేసే లారీకి ఇంజెక్టర్ల ఖర్చు ఏళ్ల తరబడి రాదు. డ్యాష్‌బోర్డులో నీటి గుర్తు వెలిగినా నడుపుకుంటూ పోయిన బండికి ఆ ఖర్చు తప్పదు.

ఇంజెక్టర్ల మీద అనుమానం వచ్చినప్పుడు మంచి మేస్త్రీ చేసే పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ఒక్కో ఇంజెక్టరుకూ మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే సన్నటి గొట్టం ఉంటుంది. వాటిని ఊడదీసి, నాలుగు ఇంజెక్టర్లకు నాలుగు గాజు సీసాలు తగిలిస్తాడు. ఇంజిన్‌ను కాసేపు తిప్పుతాడు. మూడు సీసాల్లో అడుగున కాస్త డీజిల్, నాలుగోది మాత్రం సగం దాకా నిండితే ఇక వాదన అక్కర్లేదు. ఆ నాలుగో ఇంజెక్టరు లోపల అరిగిపోయి, రైలులో పుట్టిన ఒత్తిడినంతా వెనక్కు వదిలేస్తోంది. పంపు పాపం ఏమీ లేదు. నాలుగు ఇంజెక్టర్లు, పంపు కలిపి మార్చేయమనే మాటకూ, ఒక్కటి బాగుచేయిస్తే చాలనే మాటకూ మధ్య ఉన్నది ఆ నాలుగు సీసాలే.

నింద ముందు పెట్రోలు మీదకే

2025లో దేశమంతా మాట్లాడుకున్న సంగతి ఈ-20. నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధాని ప్రారంభించారు. మొదట 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. మైలేజీ పడిపోతోందని, గొట్టాలు పాడవుతున్నాయని పాత బండ్లవాళ్లు గగ్గోలు పెట్టారు. భయాలు చాలావరకు నిరాధారమని ఆగస్టులో పెట్రోలియం శాఖ వివరణ ఇచ్చింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న వ్యాజ్యాన్ని సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇందులో నిజమెంత? లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో కన్నా సుమారు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం లెక్క ప్రకారమే. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, ఈ-10కు సర్దిన కార్లలో 6 నుంచి 7 శాతం దాకా తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఈ-10కు రూపొందించి ఈ-20కి సర్దిన కార్లలో అది 1 నుంచి 2 శాతమే. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న బండ్లలోని గొట్టాలు, సీళ్లు ఈ-20ని తట్టుకునేలా తయారయ్యాయి. చిక్కంతా అంతకు ముందువాటితోనే. ఇథనాల్‌కు పాత జిగురును కరిగించే గుణం ఉంది. ఏళ్ల తరబడి ట్యాంకులో పేరుకున్న మడ్డి కదిలి ఫిల్టరుకు అడ్డం పడవచ్చు. పాత రబ్బరు ఉబ్బవచ్చు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఆ నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. వాడకుండా నెలల తరబడి ఆరుబయట నిలిపిన స్కూటరుకు, మూత సరిగా పట్టని ట్యాంకుకు విశాఖ వానాకాలంలో ఈ ప్రమాదం ఉంది.

ఇవన్నీ నిజాలే. అయినా స్టార్ట్ కాని ప్రతి కారుకూ ఈ-20నే కారణంగా చూపించడం తప్పుదారి. ఎందుకంటే అలా చెప్పాక వెతకడం ఆగిపోతుంది. పంపు రిలే పోయిన కారుకు ట్యాంకు కడిగి డబ్బు తీసుకున్నవాళ్లున్నారు. పెట్రోలే కారణమా కాదా తేల్చడం కష్టమేమీ కాదు. ఫిల్టరు దగ్గర కాస్త ఇంధనం గాజు సీసాలోకి తీసి పావుగంట కదపకుండా ఉంచితే, నీరుంటే అడుగున వేరే పొర కనిపిస్తుంది. ఒత్తిడి గేజీ పెడితే మామూలు పెట్రోలు కారుకు 3 నుంచి 4 బార్లు ఉండాలి. ఇంజిన్ ఆపాక కూడా కాసేపు ఆ ఒత్తిడి నిలవాలి. వెంటనే పడిపోతే పొద్దున్నే ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడానికి అదే కారణం. ట్యాంకులో ఎప్పుడూ అడుగంటేదాకా నడిపే అలవాటుంటే అది మానుకోవాలి. లోపలి పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.

━━ బంకులో మీ హక్కులు ━━

▪ కొలత మీద అనుమానం వస్తే ముద్ర వేసిన 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడగవచ్చు.

▪ పెట్రోలు నాణ్యతకు ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగవచ్చు. కాగితం మీద వేసిన చుక్క రెండు నిమిషాల్లో ఆరిపోయి, జిడ్డు మరక మిగలకూడదు. లేత రంగు మిగిలితే కంగారు అక్కర్లేదు.

▪ ఆ రోజు నమోదైన సాంద్రతతో పోల్చి చూపమని అడగవచ్చు.

▪ బిల్లు తప్పకుండా తీసుకోండి. ఇంధనం పోయించిన వెంటనే ఇబ్బంది మొదలైతే ఫిర్యాదుకు అదే ఆధారం.

కోడ్ చెప్పేది దారి మాత్రమే

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణం అమల్లోకి వచ్చింది. బీఎస్-5ను దాటేసి వేసిన అంగ అది. ఇంధనంలో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. ఊపిరి పీల్చుకునే జనానికి, ముఖ్యంగా పోర్టు రోడ్ల పక్క బస్తీలకు అది మేలే. దాంతోపాటే లారీలకు పొగ వడపోత, యూరియా ద్రావణం, డజన్ల కొద్దీ సెన్సర్లు వచ్చాయి. యూరియా ద్రావణం అయిపోయినా, కల్తీది పోసినా బండి తన బలం తానే తగ్గించుకుంటుంది. డ్రైవరుకు అది పంపు లోపంలాగే అనిపిస్తుంది.

ఇప్పుడు ఆటోనగర్ కుర్రాళ్ల చేతుల్లో స్కానర్లు ఉన్నాయి. అది శుభపరిణామం. అయితే స్కానర్ చూపే కోడ్ తీర్పు కాదు. పీ0087 అంటే ‘రైలులో ఒత్తిడి తక్కువ’ అని మాత్రమే. ఎందుకు తక్కువో అది చెప్పదు. మూసుకుపోయిన ఫిల్టరు, గాలి పీల్చే గొట్టం, అరిగిన ఇంజెక్టరు, పంపు, తప్పు చెబుతున్న సెన్సరు... ఐదింటిలో ఏదైనా కావచ్చు. ఐదింటిలోకీ చవకైనదాన్నీ సులువైనదాన్నీ ముందు చూడటమే విద్య. పాతతరం మేస్త్రీకి చెవి, వేలు తెలుసు. కొత్తతరానికి తెర తెలుసు. ఒకే షెడ్డులో ఈ రెండూ కలిసినచోట పని సాఫీగా సాగుతుంది. ‘నా చెవి చాలు’ అన్నచోటా, ‘కోడ్ వచ్చింది, పార్టు మార్చేద్దాం’ అన్నచోటా బండి మళ్లీ వెనక్కొస్తుంది.

మునిగిన బండిని ముట్టుకోవద్దు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. చెట్లు కూలి బండ్ల మీద పడ్డాయి, కరెంటు పోయి బంకులు ఆగిపోయాయి, తెరిచినచోట క్యూలు బారులు తీరాయి. అలాంటి రోజుల్లో ఎవరికైనా ముందు పుట్టేది ఆత్రం. నీరు తగ్గగానే తాళం తిప్పి చూడాలనిపిస్తుంది. సరిగ్గా అదే చేయకూడదు. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేం. సిలిండరులో నీరుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఫిల్టరు ఆరబెడితే పోయే సమస్య ఇంజిన్ విప్పేదాకా వెళుతుంది.

నీరు చక్రాల సగం దాటి ఉంటే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీయాలి. గాలి ఫిల్టరు తడిసిందేమో చూడాలి. ఆయిల్ కర్ర తీసి, ఆయిల్ తెల్లగా విరిగినట్టుందేమో గమనించాలి. ఇంధనం ట్యాంకు, ఫిల్టరు అడుగు తీసి నీరు వదలాలి. అప్పటిదాకా తాళం తిప్పకుండా, తోయించుకునో, లాగించుకునో షెడ్డుకు చేర్చాలి. బండిని ఉన్నదున్నట్టు ఫొటోలు తీసి ఉంచితే బీమా దగ్గర కూడా మేలు చేస్తుంది.

వెతికినందుకు కూలీ

ఇంతకీ బండ్లకు అనవసరపు వైద్యం ఎందుకు జరుగుతోంది? మేస్త్రీలు మోసగాళ్లు కావడం వల్లనా? కొందరు ఉంటే ఉండవచ్చు. అసలు లోపం మన చెల్లింపు పద్ధతిలో ఉంది. పార్టు మారిస్తే ప్రశ్నించకుండా ఇస్తాం. గంటన్నర కూర్చుని, మీటరు పెట్టి, సీసాలు తగిలించి, ‘మీ పంపు బాగుంది, ఎర్త్ తీగ మార్చండి చాలు’ అన్నవాడికి ఇవ్వడానికి చెయ్యి రాదు. ‘ఏం చేశావని?’ అంటాం. రెండుసార్లు ఆ మాట పడ్డవాడు మూడోసారి మీటరు తీయడు, పార్టే తీస్తాడు. వెతకడం నష్టమని, మార్చడమే లాభమని అతనికి నేర్పింది మనమే.

షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్ల మీద కూడా దీని ప్రభావం పడుతోంది. పానా అందించడంతో మొదలై, గురువు చెయ్యి చూసి నేర్చుకునేవాళ్లు వీళ్లు. గురువు పార్టులు మార్చే పనే చేస్తే శిష్యుడికి వచ్చేదీ అదే. కంచరపాలెం ఐటీఐ లాంటి చోట్ల చదివిన పిల్లలకు ‘మెకానిక్ డీజిల్’ ఏడాది కోర్సు, ‘మెకానిక్ మోటార్ వెహికల్’ రెండేళ్ల కోర్సు ఉన్నాయి. అక్కడ నేర్చిన ఓం సూత్రం ఆటోనగర్ ఎర్త్ తీగను కలుసుకోవాలి. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా పండిన చెవి ఆ తరగతి గదిలోకి వెళ్లాలి. పాత మేస్త్రీలను పిలిచి పాఠం చెప్పించడానికి ఏ ఐటీఐకైనా పెద్ద ఖర్చు కాదు. లారీ ఓనర్ల సంఘాలు, పరిశ్రమలు తలుచుకుంటే ఆటోనగర్‌లోనే అందరూ అద్దెకు వాడుకునే పరీక్ష బెంచీ, మంచి స్కానరు, ఒత్తిడి గేజీలు ఒకచోట పెట్టించవచ్చు. లక్షలు పోసి ఒక్కొక్కరూ కొనలేని పరికరాలు అవి.

బండి ఉన్నవాళ్లు చేయాల్సిన పని ఇంకా చిన్నది. బండి మొరాయించిన రోజు ఏం వినిపించిందో, పొగ ఏ రంగులో వచ్చిందో, ముందు రెండు రోజులు ఏం జరిగిందో, చివరగా ఎక్కడ ఇంధనం పోయించారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ‘పంపు మార్చు’ అని పురమాయించకండి. ‘ఏమైందో కనుక్కో, కనుక్కున్నందుకు ఇంత ఇస్తాను’ అని ముందే ఒప్పుకోండి. మార్చిన పార్టు ఏదైనా సరే, అది పోయిందని ఏ పరీక్షతో తేలిందో అడగండి. నిజాయతీగా వెతికిన మేస్త్రీ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు, మీటరు మీ చేతికిచ్చి చూపిస్తాడు. అలాంటివాడు దొరికితే బేరమాడకండి. అతను చూపించిన లోపం వంద రూపాయల తీగలోనే ఉండవచ్చు. మీకు మిగిల్చింది మాత్రం వేల రూపాయల పంపును.